బెండు ఎంత ఎత్తున కట్టాలి? నాగావళి, వంశధార నీళ్లలో గాలం లెక్కలు

తొలకరికి చెరువు నిండి కలుజు మీదుగా నీరు పొర్లుతున్న రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరి గట్టు మీద చూసినా నలుగురైదుగురు గాలాలు వేసుకుని కూర్చుని ఉంటారు. అందరివీ వెదురు కర్రలే, అందరిదీ అదే కొట్లో కొన్న తంగూసు (నైలాన్ దారం), ఎర్రలు (వానపాములు) కూడా ఒకే పెంటకుప్ప పక్కన తవ్వినవే. పొద్దు వాలేసరికి ఒకరి సంచి బరువెక్కుతుంది. మిగిలినవాళ్లు ‘ఇవాళ చేప మేత మీద లేదు’ అనుకుంటూ కర్రలు ఎత్తుకుంటారు. అదృష్టం అని సరిపెట్టుకునే ఈ తేడాకు చాలాసార్లు కారణం చిన్నది: సంచి నిండినవారి బెండు (దారానికి కట్టి నీటి మీద తేలనిచ్చే ముక్క) మిగతావారి బెండ్ల కంటే రెండు జానలు పైకి కట్టి ఉంటుంది. ఎర చేప ఉన్న లోతుకు చేరింది. మిగతా ఎరలు చేప నెత్తి మీదుగా వేలాడాయి.

గాలం వేటలో కర్ర, కొక్కెం, ఎర అన్నీ లోతు తర్వాతే వస్తాయి. చెరువైనా, గెడ్డ (వాగు) అయినా, నది సముద్రంలో కలిసే మొగ అయినా ముందు తేల్చుకోవలసింది చేప ఏ మట్టంలో మేస్తోంది, ఆ మట్టానికి ఎరను ఎలా దింపాలి అన్నదే.

చేప నోరు చూస్తే సగం లెక్క తేలిపోతుంది. బొచ్చె కింది దవడ ముందుకు, పైకి తిరిగి ఉంటుంది. నీటి పై పొరల్లోని సూక్ష్మజీవుల్ని వడగట్టి తినడానికి అమరిన నోరది. శీలావతి పెదవుల అంచున సన్నటి కుచ్చులుంటాయి. అది నడిమి నీటిలో, నాచు పట్టిన కొమ్మలూ రాళ్ల దగ్గర కొరుక్కుతింటుంది. ఎర్రమోసు నోరు కిందికి తిరిగి ఉంటుంది, అడుగు బురదలో మేత దాని పని. బంగారుతీగ కూడా అడుగునే బురద చిమ్ముతూ వెతుకుతుంది, అందుకే అది ఉన్న చోట నీరు మసకేసి సన్నటి బుడగలు వరసగా పైకి వస్తుంటాయి. మత్స్యకార సహకార సంఘాలు పిల్లలు వదిలే ఊరి చెరువుల్లో ఈ రకాలు కలిసే ఉంటాయి. ఒకే లోతులో గాలం వేసి అన్నీ పడాలనుకోవడం కుదరదు. అలాంటి చెరువు వేలంపాటలో తీసుకున్నవారిదే గనుక, గాలానికైనా ముందు అడిగి వెయ్యాలి.

అడుగు కొలిచే పద్ధతి ఇది. కొక్కేనికి కాస్త బరువైన సీసపు గుండు గుచ్చి, వెయ్యదలచిన చోట గాలం దించాలి. బెండు మునిగిపోతే దారం చాలలేదని అర్థం, బెండును పైకి జరపాలి. బెండు నీటి మీద అడ్డంగా పడుకుంటే దారం ఎక్కువైంది, కిందికి జరపాలి. బెండు నిలువుగా నిలిచి, కొస మాత్రం నీటిపై కనిపించిన మట్టమే అక్కడి అడుగు. ఇప్పుడు గుండు తీసేసి చేపను బట్టి సర్దుకోవాలి. ఎర్రమోసు, బంగారుతీగ, మీసాలుండే జెల్లలకు ఎర రెండు మూడు వేళ్ల మేర అడుగున పడి ఉండాలి. శీలావతికి అడుగు నుంచి జానెడు మొదలు మూరెడు దాకా పైకి లేపాలి. బొచ్చెకు పైనుంచి మూర లోతే చాలు. ఈ కొలతకు ఐదు నిమిషాలు పడుతుంది. దాన్ని మానేసినవారు మూడు గంటలు ఖాళీ నీటిలో ఎర నానబెడతారు.

రోజులో వేళను బట్టి కూడా లోతు మారుతుంది, ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. ‘చేప తెల్లవారుజామునే పడుతుంది’ అన్న మాట అన్ని చేపలకూ, అన్ని కాలాలకూ చెల్లదు. పగలు నాచు, నీటి మొక్కలు ఎండ తగిలి ప్రాణవాయువును వదులుతాయి. రాత్రంతా అవి కూడా దాన్ని పీల్చుకుంటాయి. అందుకే ఎండాకాలంలో పచ్చగా నాచు పట్టిన చెరువులో తెల్లవారే వేళకు నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడిపోతుంది. అప్పుడు బొచ్చెలు, శీలావతులు పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి. చూసినవారు ‘చేప లేచింది’ అని సంబరంగా గాలం వేస్తారు. ఊపిరి ఆడని చేప మేత ముట్టదు. ఆ రోజు ఎండ తగిలి గంటన్నర, రెండు గంటలు గడిచాకే అవి కిందికి దిగి మేతకు వస్తాయి. అదే వేళ కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, గొరక అనే చేపలు మాత్రం హాయిగా తిరుగుతుంటాయి, వాటికి పైగాలి పీల్చుకునే అమరిక వేరుగా ఉంది. కనక ఎండాకాలపు వేకువ కొర్రమీనుది, ఆ తర్వాతి పొద్దు శీలావతిది. మబ్బు పట్టి గాలి ఆడని రోజున రెండోదానికి ఆశ తక్కువ. పుష్య మాసపు చలిలో లెక్క తిరగబడుతుంది: పొద్దున్నే నీరు చల్లబడి చేపలు మందంగా ఉంటాయి, మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా గాలానికి కాస్త చలనం ఉంటుంది.

పరికరం సంగతి

వెదురు కర్ర పది నుంచి పన్నెండు అడుగులు ఉంటే చెరువు గట్టుకు సరిపోతుంది. ముదిరిన వెదురునే కొట్టాలి, లేతది ఎండాక ముడుచుకుని చీలుతుంది. నీడలో ఆరబెట్టి, వంకరలున్న కణుపుల దగ్గర సన్నటి సెగ చూపించి మెల్లగా సరిచేయాలి. కొస పెన్సిలంత సన్నగా ఉండి వంగాలి. కొస వంగని కర్రకు చేప తగిలినప్పుడు బరువంతా దారం మీద పడి ముడి దగ్గర తెగుతుంది.

తంగూసు మందం చేపను బట్టి. పరిగెల వంటి చిన్న చేపలకు, చిన్న జెల్లలకు 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్లు, మూడు నాలుగు కిలోల దాకా తూగే శీలావతి, ఎర్రమోసుకు 0.35 నుంచి 0.40, తామరాకుల మధ్య కొర్రమీనుకు 0.50కి తగ్గకూడదు. లావు దారం మేలు కదా అని అన్నింటికీ అదే కట్టడం తప్పు. తేటనీటిలో లావు దారం చేపకు కనిపిస్తుంది, ఎర కూడా సహజంగా జారదు. దారం పొడవు కర్రతో సమానంగా, లేదా జానెడు తక్కువగా ఉంటే చేప లేచినప్పుడు సరిగ్గా చేతికి వస్తుంది. ఎండలో ఏడాది వేలాడిన తంగూసు చూడ్డానికి బాగానే ఉన్నా పెళుసెక్కి ఉంటుంది. రెండు చేతుల మధ్య పట్టి ఒక్కసారి గట్టిగా గుంజితే సంగతి తెలుస్తుంది.

కొక్కేల అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది: 14 కంటే 6 పెద్దది, 6 కంటే 1 పెద్దది. అక్కడి నుంచి 1/0, 2/0 అంటూ మళ్లీ పెద్దవవుతాయి. పరిగెకు 12 లేక 14, జెల్లకు, తిలాపియాకు 8 లేక 6, శీలావతి, ఎర్రమోసుకు 6 లేక 4, కొర్రమీనుకు 1/0 నుంచి 3/0, మొగలో పండుగప్పకు 4/0, ఆపైన. చిన్న కొక్కేనికి పెద్ద చేప పడటం చూస్తూనే ఉంటాం. పెద్ద కొక్కేన్ని మింగలేక వదిలేసిన చేపలెన్నో ఎవరికీ తెలియదు. సందేహం ఉన్నప్పుడు చిన్నదే మంచిది. కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద తేలిగ్గా ఆనించి లాగాలి. గోరును పట్టుకుని ఆగితే పదును ఉంది, జారిపోతే లేదు. సన్నటి ఆకురాయితో మూడు నాలుగు సార్లు మొన వైపు రాస్తే సరిపోతుంది.

ముడి వేసే తీరు: దారాన్ని కొక్కెం కన్నులో దూర్చి, కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పాలి. కన్ను పక్కనే ఏర్పడిన చిన్న సందులోంచి కొసను దూర్చి, అలా దూర్చినప్పుడు ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మరోసారి తియ్యాలి. బిగించే ముందు ఉమ్మితోనో నీటితోనో తప్పకుండా తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి తంగూసు అక్కడే బలహీనమవుతుంది. ‘పెద్ద చేప తెంపుకుపోయింది’ అన్న కథల్లో తెగిన కొస చూస్తే చాలావాటిలో దారం మెలికలు తిరిగి చుట్టుకుని ఉంటుంది. అంటే తెగలేదు, ముడి జారింది.

బెండుకు జీలుగు బెండు, పాత హవాయి చెప్పు రబ్బరు, ఏదైనా పనికొస్తుంది. ఎలా తేలుతోంది అన్నదే ముఖ్యం. సీసం ఒక్కొక్క గుండుగా చేరుస్తూ, బెండు వేలి మందం మాత్రమే పైకి కనిపించేదాకా దించాలి. సగానికి పైగా తేలే బెండును ముంచడానికి చేప బలం పెట్టాలి, ఆ బరువు పెదవికి తెలిసి ఎర ఉమ్మేస్తుంది. సీసం కొక్కేనికి బెత్తెడు పైన ఉంటే నిలకడ నీటికి సరి. పారే గెడ్డలో ఇంకొంచెం బరువు పెంచి, బెండును నీటితోపాటు జారనిచ్చి, మళ్లీ ఎత్తి పైన వెయ్యాలి.

ఎర కట్టడం, బెండు చదవడం

ఎర్రలకు మించిన సర్వత్రా చెల్లే ఎర లేదు. తడి మట్టి, అరటి దొప్పలు వేసిన డబ్బాలో నీడన ఉంచితే రెండు మూడు రోజులు బతుకుతాయి. డబ్బాకు చిల్లులు లేకపోతే, లేదా ఎండలో పెడితే గంటలో కుళ్లు వాసన వస్తుంది, ఆ ఎర్రను జెల్ల కూడా ముట్టదు. శీలావతికి, ఎర్రమోసుకు పిండి ముద్ద మేలు. 200 గ్రాముల గోధుమపిండి, 100 గ్రాముల తవుడు, దోరగా వేయించి దంచిన వేరుశెనగ చెక్క 100 గ్రాములు, నిమ్మకాయంత బెల్లం. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా పిసికి, తడిగుడ్డ చుట్టి అరగంట ఉంచాలి. గాజు గ్లాసు నీటిలో చిన్న ఉండ వేసి చూడాలి. ఐదు నిమిషాల్లో విడిపోతే పలచన, మరికొంత పిండి కలపాలి. అరగంటైనా చెక్కుచెదరకపోతే మరీ గట్టిది, చేప లాగినా కొక్కెం మొన పిండిలోంచి బయటికి రాదు. పది పదిహేను నిమిషాలకు అంచులు కరగడం మొదలైతే సరైన ముద్ద.

వేసే చోట ముందుగా తవుడు, చెక్క కలిపిన ఉండలు రెండు మూడు వేసి చేపను రప్పించడం మంచిదే. గంటకొకసారి ఒకటి రెండు చొప్పున, అదే చోట వెయ్యాలి. బుట్టెడు ఒకేసారి గుమ్మరిస్తే చేప వస్తుంది, కడుపు నింపుకుని పోతుంది. మిగిలింది అడుగున పులిసి నీటిని పాడుచేస్తుంది.

బెండు కదలిక చూసి కింద ఉన్నది ఏమిటో చెప్పొచ్చు. గబగబా వణికి ఆగి మళ్లీ వణికితే పరిగెలు ఎర కొసలు కొరుకుతున్నాయి. అప్పుడు లాగితే ఏమీ రాదు. టక్కున రెండు మూడు సార్లు మునిగి ఒక్కసారి మాయమైతే జెల్ల. నెమ్మదిగా వాలి, పక్కకు జరుగుతూ కిందికి పోతే శీలావతి, బెండు పూర్తిగా కనుమరుగయ్యాక ఒక్క క్షణం ఆగి లాగాలి. బెండు మునగకుండా పైకి లేచి అడ్డంగా పడిందంటే చాలామంది గాలి అనుకుంటారు. అది ఎర్రమోసో బంగారుతీగో: అడుగున పడి ఉన్న ఎరను నోటితో ఎత్తింది, సీసం బరువు బెండు మీద నుంచి పోయింది. లాగవలసిన క్షణం అదే, మునిగేదాకా ఆగితే ఎర ఉమ్మేస్తుంది. బరువుగా, నిదానంగా ఒకే వైపు ఈడుస్తుంటే పీత. చోటు మార్చడం తప్ప దారి లేదు.

లాగడం అంటే భుజం అంత ఎత్తున ఎగరేయడం కాదు, మణికట్టుతో మూరెడు చాలు. కిలో దాటిన చేపను కర్రతో గాల్లోకి ఎత్తకూడదు. కర్రను నీటికి దగ్గరగా పక్కకు వంచి, చేప అలిసేదాకా అటూఇటూ తిప్పి, నీటిలోనే చిక్కం (చేతి వల) కిందికి పెట్టి తలవైపు నుంచి ఎత్తాలి. తోక వైపు నుంచి చిక్కం చాపితే చేప ఒక్క విసురున ముందుకు పోతుంది.

కొర్రమీను

ఈ చేపకు వేరే లెక్క. అది గుర్రపుడెక్క, తామరాకు, రెల్లు అంచుల్లో, మూరెడు నీటిలోనే మాటు వేస్తుంది. ఆకుల మధ్య చిన్న ఖాళీలో నీరు ‘గుప్’మని పగిలి ఉంగరం లేస్తే గాలి పీల్చుకుందని గుర్తు. ఆ చోటికి రెండు మూరల అవతల ఎర వేసి ఆకుల మీదుగా తేలిగ్గా లాగుతూ ఖాళీలోకి దింపాలి. బతికున్న చిన్న పరిగె, ఎర్రల గుత్తి, ఈమధ్య దొరికే రబ్బరు కప్ప, మూడూ పనిచేస్తాయి. నీరు బద్దలవగానే గుంజేయడం ఇక్కడ పెద్ద పొరపాటు. కొర్రమీను ఎరను మొదట అడ్డంగా కరుస్తుంది, తర్వాత తిప్పుకుని మింగుతుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, దారం బిగువైనట్టు చేతికి తెలిశాక గట్టిగా లాగి, ఆగకుండా ఆకుల మీదికి తీసేయాలి. ఒక్క క్షణం సందిస్తే కాడల్లోకి దూరి దారం చుట్టేస్తుంది.

వానాకాలంలో ఎర్రటి నారింజ రంగు పిల్లలు ముద్దగా, వందల్లో తేలుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయకూడదు. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, దగ్గరికి వచ్చినదేన్నైనా కరుస్తాయి కనక తేలిగ్గా దొరికిపోతాయి. ఆ రెండింటిని పట్టిన గంటలో పిల్లలన్నీ పరిగెలకు, జెల్లలకు మేతవుతాయి. నాలుగు వందల గ్రాముల కూర కోసం చెరువులో వచ్చే ఏడాది కొర్రమీను లేకుండా చేసుకోవడం ఇది. ఇంతకు మించిన దండగ వేట మరొకటి లేదు.

గెడ్డలు, నదులు

నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. వేసవిలో ఇసుక మేటల మధ్య పాయలుగా చీలి, మడుగుల్లో మాత్రం నీరు నిలుస్తుంది. అప్పుడు చేపంతా ఆ మడుగుల్లోనే. నది మలుపు తిరిగే చోట బయటి గట్టు కోసుకుపోయి ఉంటుంది, లోతు అక్కడ. లోపలి వైపు ఇసుక పేరుకుంటుంది, అక్కడ మోకాలి లోతుకు మించదు. వంతెన స్తంభాల చుట్టూ నీరు సుడి తిరిగి అడుగును తవ్వుతుంది, ఆ గుంటలు వాలుగ, జెల్లలకు ఇష్టమైన తావులు. వాలుగ రాత్రి తిరిగే చేప, పళ్లు సన్నగా ఒత్తుగా ఉంటాయి. మామూలు తంగూసును గీసి తెంపేస్తుంది కాబట్టి కొక్కేనికి పైన జానెడు మేర 0.60 దారమో సన్నటి తీగో కట్టాలి. రాళ్ల సందుల్లో బొమ్మిడాయికి చిన్న కొక్కెం, ఒక్క ఎర్ర, బెండు లేకుండా వేలితో దారం పట్టుకోవడమే పద్ధతి.

వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం ఆనకట్టల కింద ఎదురెక్కే చేప ఆగి గుమిగూడుతుంది. గుడ్ల మీద ఉన్న చేప అది, పైగా అక్కడి సుడులు మనిషిని మింగేవి. వానాకాలంలో ఆ జోలికి పోకపోవడమే సరి. నది మధ్య ఇసుక దిబ్బ మీద కూర్చున్నవారికి మరో ప్రమాదం ఉంది. శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా ఎగువన రాయగడ వైపు కుండపోత పడి ఉండొచ్చు, గేట్లు ఎత్తి ఉండొచ్చు. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడి, చెత్తా చెదారం, నురగ తేలుతూ వస్తే సామాను వదిలేసైనా గట్టు ఎక్కాలి. గట్టుకూ దిబ్బకూ మధ్య పాయే ముందుగా నిండుతుంది. ఉరుము వినిపించాక కర్ర ఎత్తి పట్టుకుని నిలబడటం కూడా అంతే ప్రమాదం, తడిసిన వెదురైనా, కార్బన్ కర్రైనా పిడుగుకు దారే.

విసురు వలకు కూడా లోతే ప్రాణం

మూడు మీటర్ల అర్ధవ్యాసం ఉన్న విసురు వల చుట్టుకొలత దాదాపు పంతొమ్మిది మీటర్లు. మీటరుకు 200 గ్రాముల సీసం చొప్పున నాలుగు కిలోలకు కాస్త తక్కువ బరువు కావాలి. సీసం తగ్గితే వల నెమ్మదిగా దిగుతుంది, ఈలోగా చేప అంచు కిందుగా జారుకుంటుంది. నీరు లోతయ్యేకొద్దీ దిగే వల అంచు లోపలికి ముడుచుకుంటుంది. ఈ కొలత వల మీటరున్నర లోతు దాకా బాగా పడుతుంది, ఆపైన విసరడం చేతుల నొప్పికే. కన్నును తడి వల మీద లాగిపట్టి ముడి నుంచి ముడికి కొలవాలి. చిన్న కన్ను వల పిల్లల్ని కూడా ఊడ్చేస్తుంది, 40 మిల్లీమీటర్లకు తగ్గని కన్ను చెరువుకు మంచిది.

విసిరే క్రమం కుడిచేతివారికి: తాడు కొసను ఎడమ మణికట్టుకు జారుముడిగా తగిలించి, మిగతా తాడును చుట్టలుగా అదే చేతిలో పట్టాలి. వలను నడుము ఎత్తుకు వేలాడదీసి, అంచులో మూడో వంతు ఎడమ మోచేతి మీదుగా వేయాలి, మరో మూడో వంతు కుడిచేతిలోకి తీసుకోవాలి, మిగిలింది కిందికి వేలాడుతుంది. నడుము ఎడమకు తిప్పి, తిరిగి కుడి నుంచి ముందుకు తిరుగుతూ కుడిచేతిని ముందు, మోచేతిని తర్వాత వదలాలి. తిప్పేది నడుము, చేతులు కావు. వల గుండ్రంగా పడకుండా అరటికాయలా పొడవుగా పడితే మోచేతి మీద పొర ఆలస్యంగా జారిందని అర్థం. నీటిని తాకకముందే మూసుకుపోతే తాడు చుట్టలు చిక్కుపడ్డాయి. అడుగు తాకాక తాడును కుదుపులు లేకుండా నిదానంగా లాగాలి, అప్పుడే సీసాలు ఒకదాని పక్కన ఒకటి నేలను రాసుకుంటూ దగ్గరికి చేరతాయి. ఎక్కడైనా పట్టుకుంటే గుంజకూడదు, పట్టుకున్న కొమ్మకు ఎదురు వైపు వెళ్లి అక్కడి నుంచి లాగితే కన్నులు చిరగకుండా వస్తుంది. పని ముగిశాక మంచినీటిలో జాడించి నీడన ఆరేయాలి, నైలాన్‌కు ఎండ ఉప్పు కంటే పెద్ద శత్రువు.

మొగ దగ్గర

కళింగపట్నం దగ్గర వంశధార, విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోట్ల మంచినీరు, ఉప్పునీరు కలుస్తాయి. రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ప్రతి రోజూ పోటు ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పున్నములకు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది, అష్టమి వేళ మందంగా ఉంటుంది. పాటు మొదలైన తొలి రెండు గంటలు గాలానికి మంచివి: ఏటి పాయల్లోకి ఎక్కిన రొయ్య పిల్లలు, చిన్న చేపలు నీటితోపాటు బయటికి కొట్టుకొస్తాయి, పండుగప్ప ఆ పాయ నోట కాచుకుని ఉంటుంది. ఒడ్డున కెరటం విరగకుండా ముదురు రంగులో కనిపించే పట్టీ ఉంటుంది చూడండి, అది ఇసుక తిన్నెకూ ఒడ్డుకూ మధ్య లోతు. ఎర అక్కడ పడాలి, తిన్నెను దాటించి దూరంగా విసరడం వృథా. కత్తిపరిగె గుంపులుగా ఎగురుతున్నా గాలానికి అరుదుగా పడుతుంది, దానికి విసురు వలే.

పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారే చేప. అంటే బాగా పెద్దదంటే దాదాపు ఆడదే, లక్షల గుడ్లు పెట్టేది. రెండు మూడు కిలోలది ఇంటికి, అంతకు చాలా పెద్దది నీటికి అనుకుంటే మొగలో ఆ జాతి నిలుస్తుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవల వేట నిషేధం. ఒడ్డున గాలం, ఇంజను లేని తెప్ప దాని కిందికి రావు. నీటిలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. కరెంటు తీగ దించి చేపను తేల్చేవారు చేప గుడ్లనూ పిల్లల్నీ చంపడమే కాదు, నీటిలో దిగిన మనిషినీ పోగొడుతున్నారు. ఈ తీరాన గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు వలలో పడితే కన్నులు కోసైనా వదలాలి. వల మళ్లీ కుట్టుకోవచ్చు.

కొండ గెడ్డల వెంట గాలం వేసేవారికి తడి ఇసుకలో దుప్పి గిట్టల జాడలు కనిపిస్తుంటాయి: రెండు చీలికలు, ముందు మొనదేలి, మనిషి బొటనవేలంత. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, కణితి, జింక వేటకు మన దేశంలో తావు లేదు. నీటి రేవుల్లో ఉచ్చులు, కరెంటు తీగలు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి. ఆ తీగకు పశువులూ, రాత్రి దారిన పోయే మనుషులూ బలవుతున్నారు.

ముల్లు గుచ్చుకుంటే, కూరకు కోసేటప్పుడు

జెల్లకు వీపున ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్లుంటాయి, బెదిరితే నిలువుగా బిగుసుకుంటాయి. అరచేతిని పొట్ట కింద ఉంచి, చూపుడు వేలు, మధ్య వేలు పక్క ముళ్ల వెనక బిగించి పట్టాలి. ఇంగిలాయి ముల్లు విషపు ముల్లు, మంట భుజం దాకా పాకుతుంది. చెయ్యిని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో, రెండో చేత్తో ముందు వేడి చూసుకుని, అరగంటకు పైగా ఉంచితే నొప్పి దిగుతుంది. మంచు పెడితే పెరుగుతుంది. మొన వెనకుండే ఎదురు ముల్లు దాకా వేలిలో దిగిన కొక్కేన్ని వెనక్కి పీకకూడదు, దారం కోసేసి ఆసుపత్రికి వెళ్లి తీయించుకుని ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

పట్టిన చేపను గంటల తరబడి ఎండలో తాడుకు గుచ్చి ఉంచడం ఈ వేటలో చివరి, పెద్ద నష్టం. మన ఎండకు కిలో చేపకు కిలో ఐసు కావాలి, ఒక పొర ఐసు, ఒక పొర చేప, కరిగిన నీరు కిందికి కారిపోయే చిల్లు. సముద్రపు చేపలైన కానాగంతలు, కవళ్లు, సూరలకు ఇది మరీ ముఖ్యం. ఎండలో ఉన్న వీటి కండలో పుట్టే హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు, తిన్నవారికి మొహం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. కొర్రమీను జిగురుకు పొయ్యి బూడిద, గల్లుప్పు పట్టించి గరుకు రాయి మీద తోమితేనే పొలుసు చేతికి వస్తుంది. శీలావతి, బొచ్చెలను కోసేటప్పుడు కత్తి మొనను పొట్టలోకి లోతుగా దింపకుండా, తోలు మాత్రమే తెగేలా తోక వైపు నుంచి తలకు గీయాలి. కాలేయం పక్కన ఆకుపచ్చ పిత్తపు సంచి ఉంటుంది, పగిలితే కండకు చేదు ఎక్కుతుంది. కొందరు మందని దాన్ని పచ్చిగా మింగుతారు, ఈ జాతి చేపల పిత్తం మూత్రపిండాలను దెబ్బతీసే విషం. ఎండాకాలపు చెరువు చేపకు మట్టి వాసన ఉంటే ముక్కల్ని చిక్కటి చింతపండు పులుసులో పావుగంట నానబెట్టి, పొట్ట లోపలి నల్లటి పొరను వేలితో పూర్తిగా గీకేసి కడిగి వండాలి.